మూడు మూరల తగాదా

పోలండ్‌కి తూర్పు అంచున, పోడ్లాషెలో,
పొలాలు రిబ్బన్లలా ఉంటాయి.
తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి నలుగురికి
నిలువునా చీలి చీలి
ట్రాక్టరు తిరగడానికి కూడా చాలనంత సన్నగా.

నేను గ్లాసులు పాతే మనిషిని.
పెరుగు డబ్బాలంత ప్లాస్టిక్ గ్లాసుల్ని
నేల మట్టానికి పూడ్చి
వాన పడకుండా పైన రేకు కప్పి
పొద్దున్నే వెళ్లి చూస్తాను,
రాత్రి నడిచిన వాళ్లలో ఎవరు జారిపడ్డారా అని.

తియోఫిల్‌కీ హియెరోనిమ్‌కీ మధ్య గట్టు
పదమూడేళ్లుగా కోర్టులో ఉంది.
మూడు మూరల వెడల్పు, ఆరు వందల అడుగుల పొడవు.
ఏటా ఒక చాలు లోపలికి దున్నావని ఇతను,
రాయి జరిపావని అతను.
తేలేదాకా ఎవరూ నాగలి పెట్టకూడదని
బియావిస్తోక్ నుంచి ఒక కాగితం.
నాగలే కాదు, కొడవలి కూడా పెట్టలేదు.
మందు చల్లేటప్పుడు ఇద్దరూ
ఆ పక్క నాజిల్ మూసేసేవారు,
ఒక్క చుక్క అవతల పడితే అదో కొత్త కేసు.

అలా గడ్డి దుబ్బు కట్టింది.
కిందటేటి ఎండు మీద ఈ ఏటి పచ్చ,
దాని కింద మెత్తటి చీకటి,
మూరెడు మంచు పడినా గడ్డకట్టని చీకటి.

మొదటిసారి గ్లాసులు తీసి
లెక్క తప్పాననుకున్నాను.
తెల్ల పళ్లెంలో మళ్లీ లెక్కపెట్టాను:
గట్టు పక్కన నలభై ఒకటి,
ముప్పై అడుగుల లోపల ఇరవై ఆరు,
నూట యాభై దగ్గర తొమ్మిది.
రోడ్డు అవతల, గట్లన్నీ చెరిపి కలిపేసిన
కంపెనీ వాళ్ల గోధుమ నడిబొడ్డున
రెండు. వాటిలో ఒకదానికి కాలు లేదు.

పెంకు పురుగులు. నల్లటివి, తారు రంగువి,
ఒకటి మాత్రం వెలుగులో తిప్పితే
చిలుము పట్టిన రాగి చెంబులా ఆకుపచ్చ.
కొన్నిటికి వీపు మీద రెక్కలు అతుక్కుపోయాయి,
ఇక నడకే బతుకు.
నడిచేవాటికి దూరమంటే ఏమిటో
ఎగిరేవాటికి చెప్పలేం.

జూన్‌లో ఒక రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి
గట్టు మీద కూర్చున్నాను.
ఒక్కొక్కటే దిగాయి.
గోధుమ మొదళ్ల దగ్గర తచ్చాడుతూ
పైనుంచి జారిపడ్డ పేనుబంకని
మెతుకులు ఏరుకున్నట్టు ఏరుకున్నాయి.
ఆ ఏడు తియోఫిల్ మందు కొనలేదు.
"పేను రాలేదుగా" అన్నాడు,
అదేదో వాతావరణం మంచితనం అన్నట్టు.

పళ్లెం చూపించాను. చెప్పాను.
చాలాసేపు చూసి అడిగాడు:
"ఇవి అటు కూడా వెళ్తాయా? వాడి వైపు?"
వెళ్తాయన్నాను.
"ఎన్ని?"
సుమారు సగం.
మొహం చిట్లించాడు.
"నా గట్టులో పడుకుని వాడి చేలో తింటాయా!"

అక్టోబరులో తీర్పొచ్చింది. చెరి సగం.
సర్వేయరు మధ్యలో ఎర్ర మేకులు దిగ్గొట్టి వెళ్లాడు.
చేతులు కలపమంటే కలిపారట,
ఊరంతా సంతోషించింది.
పదమూడేళ్ల తర్వాత కుదిరిన రాజీకి
లోపల్లోపల ఏడ్చింది నేనొక్కదాన్నే.

హియెరోనిమ్ తెల్లారే నాగలి దించాడు.
మట్టి తిరగబడి నిగనిగలాడింది.
కాకులు దిగాయి.
వాటికేం దొరికిందో నాకు తెలుసు.

తియోఫిల్ ట్రాక్టరెక్కి
ఇంజను ఆన్ చేసి అలాగే కూర్చున్నాడు.
కాసేపటికి ఆపి, దిగి, నా దగ్గరికొచ్చి
"ఎప్పుడు కొయ్యాలన్నావు ఈ గడ్డి?"
ఆగస్టు ఆఖర్న, అన్నాను.
ఈ ఏడు ఈ సగం, వచ్చే ఏడు ఆ సగం.
కోసింది అక్కడే వదలొద్దు.
"వాడి చేలో తింటే తిన్నాయిలే" అన్నాడు,
"పడుకోవడానికి ఇటే రావాలి కదా."

ఈ ఏప్రిల్‌లో గట్టు పక్క గ్లాసులో పందొమ్మిది.
రాసుకున్నాను.
రాగి రంగుది ఇంకా కనబడలేదు.